దేనికిని లొంగని టెఫ్లాన్ లోహమునకు లొంగిన కథ

జహీరాబాదు నుండి హైదరాబాదునకు బస్సులో పోవువారికి సంగారెడ్డి దాటిన పిమ్మట రుద్రారము తగులును. చాలమంది ఆ ఊరిని గణేశ్ గడ్డ దేవాలయమును బట్టి గుర్తుపట్టుదురు. బస్సు కిటికీ నుండియే చేతులు జోడించువారిని నేను ఎన్నియోసార్లు చూచితిని. ఆ రుద్రారమునకు మరియొక విశేషము కూడ ఉన్నది. మన దేశములో టెఫ్లాన్ జాతి పదార్థమును మొట్టమొదట తయారుచేసిన కర్మాగారము అక్కడనే వెలసినది. ప్రభుత్వ రంగమునకు చెందిన హిందుస్థాన్ ఆర్గానిక్ కెమికల్స్ సంస్థకు అనుబంధముగా 1983లో ఏర్పడిన హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ లిమిటెడ్ దాని పేరు. 2020 జనవరిలో కేంద్ర మంత్రివర్గము దానిని మూసివేయుటకు నిర్ణయించెను.

టెఫ్లాన్ మనకు కొత్త వస్తువు కాదు. నల్లా బిగించువాడు మరచుట్లపై చుట్టు తెల్లని పలుచని టేపు టెఫ్లానే. దోసె అంటుకొనని పెనముపై నల్లని పూత టెఫ్లానే. ఆమ్లములు దానిని ఏమియు చేయజాలవు. బంగారమును కరిగించు ద్రవరాజమున ముంచినను చెక్కుచెదరదు. ఈ సంగతి తరగతిలో చెప్పుచుండగా వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి లేచి, "సార్, టెఫ్లాన్ దేనితోని కలవదు అంటున్నరు గద. మరి యుద్ధ విమానాలు వదిలే మంటల్లో టెఫ్లాన్ కాలుతదని చదివిన. ఎట్ల కాలుతది?" అని అడిగెను. ప్రశ్న సమంజసమైనది. దానికి సమాధానము ఒక్క వాక్యములో చెప్పవచ్చును గాని, ఆ వాక్యమును కూర్చుటకు రసాయన శాస్త్రజ్ఞులకు అనేక సంవత్సరములు పట్టినది. ఆ కథయే ఇది.

ఫ్లోరిన్ పేరు వినగానే తెలుగువారికి నల్లగొండ మెదలును. వంగిన వెన్నులు, పచ్చబారిన పండ్లు గల ఆ గ్రామముల దుఃఖము మనకు తెలియనిది కాదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలకు కలుగు ఈ వ్యాధిని మన దేశములో మొదట వైద్యలోకము దృష్టికి తెచ్చినది కూడ తెలుగు ప్రాంతము నుండియే. నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించి షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును 1937లో ఈ విషయమును ప్రకటించిరి. తరువాత 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు పటిక, సున్నము వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమును రూపొందించిరి. దానికి "నల్లగొండ పద్ధతి" అనియే పేరు. పటికలో ఉన్నది అల్యూమినియమ్. ఆ లోహము నుండి ఏర్పడిన మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. నీటిలో జరుగు ఈ క్రియయు, మంటలో జరుగు క్రియయు ఒకటి కావు. ఐనను కొన్ని లోహములకు ఫ్లోరిన్‌పై గల మమకారమును పాఠకులు ఇక్కడనే గమనించి ఉంచుకొనవలెను.

ఫ్లోరిన్‌ను విడి మూలకముగా మొదట వేరుచేసినవాడు ఫ్రాన్సు దేశపు హెన్రీ మొయిసాన్. అది 1886వ సంవత్సరము. అంతకు ముందు దాని కొరకు ప్రయత్నించి కొందరు గాయపడిరి, కొందరు ప్రాణములనే కోల్పోయిరి. దాదాపు అన్ని మూలకములతోను కలియుటకు ఉరుకు ఆ వాయువు, కర్బనముతో ఒకసారి కలిసిన పిదప మాత్రము ఎంతో శాంతించును. ఆగ్రహమంతయు బంధములోనికి పోయినదన్నమాట.

ఆ శాంతమూర్తి అనుకోకుండ దొరికినది. 1938 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అను యువ శాస్త్రజ్ఞుడు శీతలీకరణ యంత్రములకు పనికివచ్చు వాయువులపై పరిశోధన చేయుచుండెను. అతని వద్ద టెట్రాఫ్లోరోఎథిలీన్ అను వాయువును నింపిన ఇనుప సిలిండరు ఒకటి ఉండెను. అతని సహాయకుడు జాక్ రెబోక్ దాని మూత త్రిప్పగా వాయువు రాలేదు. సిలిండరు బరువు చూడగా తగ్గలేదు. వాయువు బయటికి పోలేదు, లోపల కూడ లేదు, మరి ఏమైనట్లు? వారు సిలిండరును కోసి చూచిరి. లోపల మైనమువలె జారెడి తెల్లని పొడి ఉండెను. వాయువు అణువులు ఒకదానితో నొకటి చేయి కలిపి పొడవైన గొలుసులుగా మారిపోయినవి. ఖాళీ సిలిండరని ప్రక్కన పెట్టక, తూచి చూచిన ఆ బుద్ధిని నేను విద్యార్థులకు పదేపదే చెప్పుచుందును. ప్రయోగశాలలో తక్కెడకంటె మంచి స్నేహితుడు లేడు.

దానిని చేయుట చాల ఖర్చు గనుక మొదట ఎవరికిని అక్కరకు రాలేదు. యుద్ధము వచ్చినది. అణుబాంబు తయారీకై యురేనియమ్‌ను శుద్ధిచేయుటలో యురేనియమ్ హెక్సాఫ్లోరైడు అను వాయువును వాడవలసి వచ్చెను. అది తగిలిన అనేక పదార్థములను తినివేయును. గొట్టముల కీళ్ల వద్ద దానిని సహించి నిలువగల బిగింపులకు ఈ తెల్లని పొడియే దిక్కైనది. టెఫ్లాన్ అను వ్యాపార నామము 1945లో నమోదైనది. వంటింటికి వచ్చుటకు ఇంకను కొంత కాలము పట్టినది.

ఇది ఇంత మొండిది ఎందుకైనది? టెఫ్లాన్ గొలుసులో వెన్నెముక కర్బన పరమాణువులది. ప్రతి కర్బనమునకు రెండు ఫ్లోరిన్ పరమాణువులు అంటియుండును. కర్బనమునకు, ఫ్లోరిన్‌కు మధ్యనున్న బంధమును త్రెంచుటకు మోలునకు సుమారు 485 కిలోజౌళ్ల శక్తి కావలెను. కర్బన రసాయనములలో ఒంటి బంధములన్నిటిలోను ఇంతకంటె గట్టివి అరుదు. అంతేకాక ఫ్లోరిన్ పరమాణువులు గొలుసు చుట్టు దట్టముగా క్రమ్ముకొని, బయటి పదార్థమేదియు కర్బనమును తాకకుండ తొడుగువలె కాపాడును. మొక్కజొన్న కండెను గింజలు కప్పినట్లు అనుకొనవచ్చును. కాని ఈ వర్ణనలో ఒక చిన్న లోపము దాగియున్నది. ఫ్లోరిన్ బంధము గట్టిది సరే. వెన్నెముకలోని కర్బన బంధము అంత గట్టిది కాదు. వేడి అనునది బయటి నుండి వచ్చి తలుపు తట్టదు; గొలుసు మొత్తమును లోపలి నుండి ఊపును. ఊపినపుడు తెగునది బలహీనమైన చోటే.

టెఫ్లాన్ 327 డిగ్రీల వద్ద మెత్తబడును. 260 డిగ్రీల వరకు దానిని నిర్భయముగా వాడవచ్చునని తయారీదారులు చెప్పుదురు. 400 డిగ్రీలు దాటిన పిదప కథ మారును. 1947లో డ్యూపాంట్ శాస్త్రజ్ఞులు లూయిస్, నేలర్ దానిని వేడిచేసి, వెలువడు వాయువులను పరీక్షించిరి. 1953లో వాషింగ్టనులోని జాతీయ ప్రమాణముల సంస్థలో మడోర్స్కీయు అతని సహచరులును శూన్యములో వేడిచేసి మరింత నిశితముగా చూచిరి. వారు కన్నది ఆశ్చర్యకరమైనది. పాలిథీన్ వంటి పాలిమర్‌ను వేడిచేసినచో గొలుసు ఎక్కడబడిన అక్కడ తెగి, పెద్దవి చిన్నవి నానా రకముల ముక్కలు వచ్చును. మొదటి ఎథిలీన్ వాయువు మాత్రము అతి స్వల్పముగా దొరకును. టెఫ్లాన్ అట్లు కాదు. ఒకచోట తెగిన పిదప ఆ తెగిన కొన నుండి, అల్లిన జడను విప్పినట్లు, వరుసగా ఒక్కొక్క టెట్రాఫ్లోరోఎథిలీన్ అణువు ఊడివచ్చును. శూన్యములో దాదాపు అంతయు ఆ వాయువుగనే మారును. ప్లంకెట్ సిలిండరులో జరిగినది వెనుకకు తిరిగి జరిగినట్లే. చుట్టును ఒత్తిడి ఉన్నపుడు మాత్రము ఊడిన అణువులు బయటికి పారిపోవుటకు వీలులేక తమలో తాము కలిసి, మరికొన్ని బరువైన ఫ్లోరోకార్బనులుగా మారును.

గాలిలో వేడిచేసినచో ఇంకొక చిక్కు ఉన్నది. ప్రాణవాయువు కలియుటచే కార్బొనిల్ ఫ్లోరైడు అను విషవాయువు పుట్టును. అది తేమ తగిలినచో హైడ్రోజన్ ఫ్లోరైడుగా మారి ఊపిరితిత్తులను బాధించును. 1951లో హారిస్ అను వైద్యుడు ఒక విచిత్రమైన జ్వరమును గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసెను. ఈ పొడితో పనిచేయు కార్మికులకు కొన్ని గంటల తరువాత చలి, ఒళ్లునొప్పులు, ఛాతీలో బిగింపు కలిగి, ఒకటి రెండు దినములలో తగ్గిపోవుచుండెను. ఇందులో సిగరెట్టు పాత్ర పెద్దది. వ్రేళ్లకంటిన పొడి సిగరెట్టునకు అంటి, దాని నిప్పులో కాలి, నేరుగా ఊపిరిలోనికి పోవుచుండెను. నిప్పు ముందర మన బీడీ అయినను అంతే. మా ఊరిలో ఒక చిన్న లేతు పనిశాలలో టెఫ్లాన్ కడ్డీల నుండి బుష్‌లు తీయుదురు. ఒకనాటి సాయంకాలము అక్కడి కుర్రవాడు ఆ తెల్లని తురుమును ఊడ్చి, చెత్తతో కలిపి తగులబెట్టబోవుట చూచి వారించితిని. "ఇది కాలదు గద సార్, ఏం కాదు" అనెను. కాలకపోవుటయే దాని ప్రసిద్ధి. ప్రమాదము కూడ ఆ ప్రసిద్ధిలోనే ఉన్నది.

అంతరిక్షములో ఇదే పొరపాటు ఎంత దూరము పోయినదో 1970 ఏప్రిల్ 13న లోకము చూచినది. చంద్రుని వైపు పోవుచున్న అపోలో 13 నౌకలో ప్రాణవాయువు తొట్టి ఒకటి పగిలెను. విచారణలో తేలినది ఇది: ప్రయోగమునకు ముందు నేలపై జరిపిన పరీక్షలలో తొట్టిలోని వేడిమి యంత్రము చాల గంటలు ఆగక పనిచేసినది, దానిని ఆపవలసిన మీట వేడికి అతుక్కుపోయినది, లోపలి తీగలపై టెఫ్లాన్ తొడుగు 500 డిగ్రీల ప్రాంతపు వేడికి చెడిపోయినది. తరువాత అంతరిక్షమున విద్యుత్ మెరుపు తగులగానే, ఒత్తిడితో నిండిన స్వచ్ఛమైన ప్రాణవాయువులో ఆ తొడుగు అంటుకొనెను. ముగ్గురు వ్యోమగాములు ప్రాణములతో తిరిగివచ్చుట మన అదృష్టము.

ఇక లోహముల మాట. మగ్నీషియమ్ తీగ గాలిలో కన్నులు చెదరు వెలుగుతో కాలుట ప్రతి విద్యార్థియు చూచియే యుండును. అక్కడ అది ప్రాణవాయువుతో కలియును. ప్రాణవాయువునకు బదులు ఫ్లోరిన్ దొరికినను దానికి సంతోషమే. మగ్నీషియమ్ పొడియు టెఫ్లాన్ పొడియు చల్లగా నున్నంతవరకు ప్రక్క ప్రక్కన నిశ్చింతగా నుండును. గట్టిగా వేడి తగిలినపుడు టెఫ్లాన్ గొలుసు విప్పుకొనును. బయటపడిన ఫ్లోరోకార్బన్ ముక్కలు మండుచున్న లోహమును తాకగానే లోహము ఫ్లోరిన్‌ను లాగుకొనును. కర్బనము ఒంటరిగా మసియై మిగులును. టెఫ్లాన్ అణుఘటకము ఒకటియు మగ్నీషియమ్ పరమాణువులు రెండును కలిసి రెండు మగ్నీషియమ్ ఫ్లోరైడులు, రెండు కర్బనములు ఏర్పడును.

ఇందులోని లాభనష్టములను వ్యాపారి చిట్టావలె వ్రాసి చూడవచ్చును. టెఫ్లాన్‌లోని బంధములను విప్పుటకు, అనగా ఒక టెట్రాఫ్లోరోఎథిలీన్ ఘటకమును దాని మూలకములుగా విడదీయుటకు, సుమారు 810 కిలోజౌళ్లు ఖర్చగును. మగ్నీషియమ్ ఫ్లోరైడు మోలు ఒకటి ఏర్పడునపుడు 1124 కిలోజౌళ్లు రాబడి. రెండు మోలులకు 2248. ఖర్చు పోగా మిగులు 1430 కిలోజౌళ్లకు పైమాట. బరువు లెక్కన చూచిన గ్రామునకు దాదాపు తొమ్మిదిన్నర కిలోజౌళ్లు. ఈ వేడితో ముప్పది గ్రాముల నీటిని గది ఉష్ణోగ్రత నుండి మరుగు స్థితికి తేవచ్చును. కిరోసిన్ గ్రామునకు 43 కిలోజౌళ్లు ఇచ్చును గదా, ఇదేమి గొప్ప అని మీరు అడుగవచ్చును. కిరోసిన్ తనకు కావలసిన ప్రాణవాయువును గాలినుండి అప్పు తెచ్చుకొనును. ఆ ప్రాణవాయువు బరువును కూడ లెక్కలో చేర్చినచో కిరోసిన్ రాబడియు గ్రామునకు తొమ్మిదిన్నర ప్రాంతమే అగును! టెఫ్లాన్, మగ్నీషియమ్ జంట ఎవరిని అప్పు అడుగదు. తన ఇంధనమును, తన దహనకారిని తానే వెంట తెచ్చుకొనును. అందుచేతనే గాలి పలుచనైన ఎత్తులలోను అది మండును.

నా విద్యార్థికి నేను చెప్పిన ఒక్క వాక్యము ఇదే: టెఫ్లాన్ స్థిరమైనదే గాని, ఫ్లోరిన్‌ను తనకంటె గట్టిగా పట్టుకొనువారు ఎదురుపడనంతవరకే.

ఈ విద్యను మొదట పెద్దయెత్తున వాడినది సైనికులు. అమెరికా నౌకాదళపు చైనా లేక్ పరిశోధనశాలలో విలియమ్ మెక్‌లీన్ నాయకత్వమున సైడ్‌వైండర్ అను క్షిపణి తయారై 1956లో సేనలో చేరెను. అది శత్రు విమానపు యంత్రము నుండి వెలువడు ఉష్ణకిరణములను వెదకి వెంటాడును. 1958 సెప్టెంబరులో తైవాన్ జలసంధిపై జరిగిన పోరాటమున అది తొలిసారి యుద్ధములో ప్రయోగింపబడినది. వేడిని వెంటాడు క్షిపణికి విరుగుడు, విమానముకంటె ఎక్కువ వేడిగా కనిపించు మోసపు దీపము. విమానము వెనుకకు విడుచు ఆ ఫ్లేర్లకు మగ్నీషియమ్, టెఫ్లాన్, వైటన్ అను రబ్బరు జాతి ఫ్లోరోపాలిమర్ కలిసిన మిశ్రమము ప్రసిద్ధి కెక్కినది. మూడింటి మొదటి అక్షరములను బట్టి దానిని ఎం.టి.వి. అందురు. వైటన్ 1957లో విపణిలోనికి వచ్చినది.

ఇక్కడ నాకు ముచ్చట గొలుపు సంగతి మసి. సాధారణముగా మసి అనగా దహనము సరిగా జరుగలేదని అర్థము. ఈ మంటలో మసియే ప్రయోజకుడు. లోహము ఫ్లోరిన్‌ను తీసికొనిపోగా మిగిలిన కర్బన కణములు రెండువేల డిగ్రీలకు పైబడిన వేడిలో ఎర్రగా కాగి, నల్లని వస్తువునకు సహజమైన రీతిగా ఉష్ణకిరణములను ధారాళముగా వెదజల్లును. క్షిపణి కంటికి కనబడునది ఆ కాగిన మసియే. ఇదే జాతి మిశ్రమములను ఘన ఇంధన రాకెట్లను అంటించుటకు కూడ వాడిరి. ఫ్లేర్ల తయారీ నేడు మన రాష్ట్రములోను జరుగుచున్నది. యాదాద్రి భువనగిరి జిల్లా పెద్దకందుకూరులో కర్మాగారము గల ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ సంస్థ మన వాయుసేనకు అట్టి రక్షణ సామగ్రిని అందించుచున్నది.

అల్యూమినియమ్ సంగతి కొంత భిన్నము. దాని కణముపై ఎల్లప్పుడును ఆక్సైడు పొర కప్పియుండును. లోపలి లోహము 660 డిగ్రీలకే కరుగును. పైపొర కరుగుటకు 2072 డిగ్రీలు కావలెను. ఈ కవచము వలననే మన వంటింటి అల్యూమినియమ్ గిన్నె పొయ్యిపై సురక్షితముగా నున్నది. మిగిలిన అనేక మిశ్రమములలో ఈ పొర కేవలము అడ్డు. టెఫ్లాన్ సమక్షమున మాత్రము అడ్డే మెట్టగును. 2007లో అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయమున ఓస్‌బర్న్, పాంటోయా అను పరిశోధకులు అతి సూక్ష్మమైన అల్యూమినియమ్ కణములను టెఫ్లాన్‌తో కలిపి మెల్లగా వేడిచేసి చూచిరి. అసలు మంటకు ముందే ఒక చిన్న ఉష్ణోద్గారము కనబడెను. టెఫ్లాన్ నుండి వచ్చిన ఫ్లోరిన్ ముందుగా ఆక్సైడు పొరతోనే చర్య జరుపుచున్నదని వారు తేల్చిరి. కణము ఎంత సూక్ష్మమైన దానిలో పొర భాగము అంత హెచ్చు గనుక, పెద్ద కణములలో ఈ తొలి చర్య గుర్తింపునకు రాలేదు. చాలకాలముగా ఎరిగిన జంటలో అంతవరకు ఈ గుట్టు దాగియుండినది.

మరల రుద్రారమునకు వత్తము. అక్కడి కర్మాగారము చేసిన పని కూడ వేడితో కూడినదే. అయితే ఎదురు దిశలో. ఈ పరిశ్రమలో క్లోరోఫారమ్‌ను హైడ్రోజన్ ఫ్లోరైడుతో కలిపి, సి.ఎఫ్.ఎం. 22 అను వాయువును చేయుదురు. దానిని 600 డిగ్రీలు దాటిన వేడికి గురిచేయగా హైడ్రోజన్ క్లోరైడు విడిపోయి టెట్రాఫ్లోరోఎథిలీన్ మిగులును. వేడికి టెఫ్లాన్ విప్పుకొని ఏ వాయువగునో, ఆ వాయువునే వేడితో పుట్టించి, నీటిలో ఒత్తిడిపై గొలుసు కట్టింతురు. ఈ వాయువు మహా చంచలమైనది. అదుపు తప్పినచో కర్బనముగాను, కార్బన్ టెట్రాఫ్లోరైడుగాను విడిపోవుచు ప్రేలును. కాబట్టి దానిని ట్యాంకర్లలో పంపుట కుదరదు. చేసినచోటనే పాలిమర్‌గా మార్చవలెను. ఇట్టి పనిని మన జిల్లా నేలపై, మన పిల్లలు నేర్చి నడిపిరనుట చిన్న సంగతి కాదు. కాని ఆ కర్మాగారమునకు కాలము కలిసిరాలేదు. సి.ఎఫ్.ఎం. 22 ఓజోన్ పొరకు హాని చేయునది గనుక, 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందపు అదుపులలోనికి ఆ వాయువు కూడ వచ్చెను. సంస్థ వరుసగా నష్టములలో పడెను. గుజరాతులోని దహేజ్‌లో ఇంతకంటె పెద్ద కర్మాగారము లేచెను. మూసివేతకు కారణములను తూచుట ఆర్థిక శాస్త్రజ్ఞుల పని. రసాయన శాస్త్రము చదువుకొన్న మనిషిగా ఆ గోడల ప్రక్కనుండి పోవునపుడు నా మనస్సు చివుక్కుమనును.

టెఫ్లాన్ మొండితనమునకు ఇప్పుడు మరియొక ముఖము బయటపడినది. వాడి పారవేసిన టెఫ్లాన్ మట్టిలో కుళ్లదు. దాని తయారీలో సాయపడుటకు చాలకాలము వాడిన పెర్‌ఫ్లోరోఆక్టనోయిక్ ఆమ్లము నీటిలోను, మనుష్యుల రక్తములోను నిలిచిపోవుచున్నదని తేలగా, 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందము క్రింద దానిని తొలగింపవలసిన పదార్థముల పట్టికలో చేర్చిరి. టెఫ్లాన్ చెత్తను ఏమి చేయవలెనను ప్రశ్నకు దొరికిన జవాబులలో ఒకటి పాత సైనిక విద్యకు దగ్గరి చుట్టమే. 2025లో ఇంగ్లండు దేశపు న్యూకాసిల్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు టెఫ్లాన్‌ను సోడియమ్ లోహముతో కలిపి, మూసిన ఉక్కు పాత్రలో ఉక్కు గోళములతో కుదిపిరి. కొలిమి అక్కరలేదు, గోళముల తాకిడియే చాలినది. సోడియమ్ ఫ్లోరిన్‌ను లాగుకొని సోడియమ్ ఫ్లోరైడుగా మారెను, కర్బనము మిగిలెను. పండ్లపొడులలో కలుపునది ఈ సోడియమ్ ఫ్లోరైడే. దానిని శుద్ధి చేయకుండగనే ఇతర ఫ్లోరిన్ సమ్మేళనముల తయారీకి వాడి చూపిరి.

ఈ వార్తను తరగతిలో చదివి వినిపించితిని. వెనుక బల్లపై నుండి అదే విద్యార్థి మరల లేచి, "మన లాబులో కిరోసిన్‌ల సోడియం ఉంది గద సార్, చేసి చూద్దమా?" అనెను. వద్దంటిని. ఆ బీరువా తాళపుచెవి నాటి నుండి నా జేబులోనే ఉన్నది.